కూర్చుంటేనే పలికే సన్నాయి

వైశాఖమాసంలో నల్గొండ వెళ్తున్నానని చెబితే కాకినాడలో మా వీధివాళ్లు, "అక్కడ ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అని అడిగారు. సరదాగా ఆ వైపు వెళ్లేవాళ్లు మా ఊళ్లో తక్కువ. అందులోనూ ఎండాకాలం. నేను వెళ్తున్నది పాదాలు చూడటానికని చెబితే ఇంకా కంగారు పడతారని, "చిన్న పనుంది" అని ఊరుకున్నాను.

నాది పాదాల పనే. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, అరికాలు చదునుగా ఉన్నవాళ్లకు, చక్కెర జబ్బుతో కాళ్లు పుండ్లుపడే వాళ్లకు చెప్పుల్లో వేసుకునే మెత్తలు తయారుచేస్తాను. నా దగ్గర అలా మెత్తలు చేయించుకున్న ఒక పెద్దాయన కూతురే మాధవి. నల్గొండలో పళ్ల డాక్టరు. ఫోన్లోనే స్నేహం కుదిరింది. మొన్న వేసవిలో ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, దవడ నొప్పని నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల చానామంది ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నట్టు కొడ్తాంది. నా కండ్లకే గట్ల కనవడుతుందా, నిజమేనా? ఓ వారం వచ్చి జర చూడరాదు" అంది. నోటికీ పాదానికీ సంబంధమేమిటని నవ్వాను. నవ్వుతూనే టికెట్టు తీసుకున్నాను.

నార్కట్‌పల్లి

విజయవాడ నుంచి హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద, నల్గొండకు మళ్లేచోటు నార్కట్‌పల్లి. బస్సు దిగుతుంటే క్లీనరు నా సంచిని డిక్కీలోంచి లాగి నేలమీద పడేశాడు. అందులో పాదాల అచ్చులు తీయడానికి తెచ్చిన ప్లాస్టర్ పొడి ఉంది. ప్యాకెట్టు పగిలి తెల్లటి మేఘం లేచింది. అది తగ్గేసరికి నా చీర, మొహం, పక్కనే నిలబెట్టిన ఎవరిదో మోటారుసైకిలు, అన్నీ ఒకే రంగు.

టీకొట్టు ముందు కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. "ఏందమ్మా గది? పిండా?"

"కాదండీ. కాళ్ల అచ్చులు తీసే పొడి."

"కాళ్ల అచ్చులకు గింత దూరం వచ్చినవా? మీ దిక్కు కాళ్లు లేవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన టీకొట్టువాడిని అడిగి ఖాళీ సిమెంటు సంచి ఒకటి తెచ్చి, మిగిలిన పొడిని అందులోకి ఎత్తి, పురికొసతో మూతి బిగించాడు. మా గోదావరి జిల్లాల్లో మాట చివర 'అండి' లేకపోతే చురుక్కుమంటుంది. ఈయన నన్ను 'నువ్వు' అంటూనే మొహం కడుక్కోవడానికి నీళ్లు పోశాడు. పది రూపాయల టీ నన్ను కొనుక్కోనివ్వలేదు. "మా జాగాకొచ్చి నువ్విస్తవా" అని కసిరాడు. రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతుంటే డజను కొన్నాను. మా వైపు కంటే చవక. నల్గొండ బస్సులో వేలితో పొడుచుకుని తాగుతుంటే పక్క సీటామె, "మీద పొట్టు తియ్యకు, సలువ జేస్తది" అని నేర్పింది.

నల్గొండ

మాధవి ఇల్లు, ఆసుపత్రి ఒకే మేడలో ఉన్నాయి. కింద మందులషాపు, మధ్యలో ఆసుపత్రి, పైన ఇల్లు. నలభై దాటని చురుకైన మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ల దవడవైపు చూసే అలవాటుంది. నేను పాదాల వైపు చూస్తాను కాబట్టి మా ఇద్దరి చూపులూ కలుసుకోవడానికి కొంత సమయం పట్టింది.

మొదటి పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా ఇంట్లో చింతపండు నీళ్లు పొయ్యిమీద మరగకపోతే అది చారు కాదు. ఇక్కడ మరిగించనే మరిగించరు. పచ్చి చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయలు, నువ్వుల పొడి కలిపేస్తారు. బయట భగ్గుమనే ఎండకు అదెంత తెలివైన పులుసో రెండో గరిటె పోసుకున్నాక అర్థమైంది.

మర్నాడు ఆసుపత్రిలో కూర్చున్నాను. వచ్చిన ముసలివాళ్లలో చాలామంది పళ్లమీద గోధుమరంగు చారలు. కొందరికి మోకాళ్లు వంగిపోయి ఉన్నాయి. ఈ నేల నీళ్లలోని ఫ్లోరైడు చేసిన పని అది. పేపర్లలో చదివాను గాని, వరసగా బెంచీమీద కూర్చున్న మనుషుల్లో చూడటం వేరు. వాళ్ల వెంట వచ్చిన మనవల పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఇప్పుడు కుళాయిల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి.

"మా అవ్వకు పండ్లూ పోయినయ్, కాళ్లూ పోయినయ్" అంది మాధవి. "పండ్లు చూసేటోళ్లు కాళ్లు గూడ చూడాల్నని నాకు గప్పుడే అనిపించింది. ఆమెది నీళ్ల రోగం. నేను నిన్ను పిలిచింది వేరే సంగతికి. నీళ్ల రోగం లేనోళ్లల్ల గూడ పాదానికీ నోటికీ ఏదో నడుస్తాంది."

తన ఊహ ఆమె చెప్పిన తీరు నాకు నచ్చింది. ఒక కాలు పొట్టిదైతే నడుం ఒరుగుతుంది. నడుం ఒరిగితే వీపు, మెడ వంకర తిరుగుతాయి. కళ్లు మాత్రం సూటిగా చూడాలి కాబట్టి తల తనను తాను సర్దుకుంటుంది. కింది దవడ ఆ తలకు ఉయ్యాలలా వేలాడే ఎముక. తల కాస్త పక్కకు జరిగితే అదీ జరుగుతుంది. అప్పుడు పై పళ్లూ కింది పళ్లూ పాత చోట కలవవు. అదే విధంగా, నోట్లో ఒక పక్క పళ్లు పోయి రెండో పక్కనే నమిలేవాడికి మెడ కండరాలు ఒకవైపు బిగుసుకుని, ఆ బిగువు కిందికి దిగి, ఒక పాదం మీద బరువు ఎక్కువ పడవచ్చు.

"పుస్తకాలేమంటాయి?" అన్నాను.

"కొందరు అవునంటరు, కొందరు ఉత్తదే అంటరు. నేను గూడ అందరికీ గిట్లనే అని చెప్పను."

ఆ మాటతో ఆమె మీద నాకు గురి కుదిరింది. ఆ పూటంతా మాత్రం మాకు వాదనే. కాలు చెడితే నోరు చెడుతుందని నేను. నోరు చెడితే కాలు చెడుతుందని ఆమె.

సైదులు వచ్చింది ఆ మధ్యాహ్నమే. నకిరేకల్ మనిషి. యాభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. పెళ్లిళ్లలో సన్నాయి ఊదడం వాళ్లకు తాతలనాటి వృత్తి. రెండేళ్లుగా సన్నాయి పలకడం లేదని, దవడ పక్కన నొప్పని మాధవి దగ్గరికి తిరుగుతున్నాడు. మాధవి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ల మధ్య పలచటి నీలం కాగితం పెట్టి కొరకమంది. పళ్లు ఎక్కడ తగులుతున్నాయో అక్కడ నీలం మచ్చ పడుతుంది. కుడివైపు చివర రెండు దంతాలు లేవు గాని, మిగతా మచ్చలు చక్కగా పడ్డాయి.

"చూడక్కా, మంచిగనే కలుస్తున్నయ్. పాట మాత్రం వస్తలేదంటడు" అంది మాధవి.

"ఊపిరి తగ్గిందన్నరు మేడం మావోళ్లు. వయసయిందన్నరు" అన్నాడు సైదులు. "నాకైతే ఊపిరి మంచిగనే ఉన్నది." తర్వాత నావైపు తిరిగాడు. "అక్కా, ఆంధ్ర నుంచి వచ్చినవంట. రేపు మా ఇంటికి రాండ్రి ఇద్దరు. జొన్నరొట్టె తిని, పాట విందురు. వచ్చిన కాడికి వింటరు."

నకిరేకల్

పొద్దున్నే వెళ్లాం. నకిరేకల్ నిమ్మకాయల ఊరు. మార్కెట్టులో కుప్పలు కుప్పలుగా పోసిన నిమ్మకాయల వాసన రోడ్డుమీదికే వస్తుంది. సైదులు భార్య ఎల్లమ్మ అక్కడ కాయలు ఏరే పని చేస్తుంది. మచ్చకాయ ఒకవైపు, పెద్దకాయ ఒకవైపు, చూడకుండానే విసురుతోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుని లేచింది. రోజు కూలి పోతుందేమోనని నేను అంటే, "సుట్టాలొచ్చిన దినం కూలి లెక్క జేస్తమా" అంది.

తిన్నాక సైదులు గోడవారగా ఉన్న రేకుపెట్టె తెరిచి గుడ్డలో చుట్టిన సన్నాయి తీశాడు. గడ్డితో చేసిన చిన్న పీకను నాలుకమీద తడిపి, సన్నాయి చివర గుచ్చి, మంచంమీద కూర్చుని ఊదాడు.

మా వైపు పెళ్లిళ్లలో నాదస్వరం వింటూ పెరిగాను. అది ఏనుగు నడిచొచ్చినట్టుంటుంది. ఇది వేరు. సన్నగా మొదలై, ఎండలో ఎగిరే గద్దలా ఒకేచోట నిలబడి, ఉన్నట్టుండి జారి కిందికి దిగింది. పక్కింటి ఆడవాళ్లు గోడమీదుగా తొంగిచూశారు. ఎల్లమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టడం మరిచిపోయింది. పాట రావడం లేదన్న మనిషి ఇతనేనా అని నేను మాధవి వైపు చూశాను.

"కూసుంటె గిట్లనే వస్తది" అన్నాడు సైదులు. "పెండ్లిల కూసొని ఊదుతమా అక్కా? నడవాలె." లేచి నిలబడి అదే పాట ఎత్తుకున్నాడు. రెండు గుక్కలు బాగానే పలికింది. మూడో గుక్కలో పీక పెదవుల మధ్య నుంచి జారి, గాలి బుస్సుమని పక్కకు పోయింది. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ జారింది. నవ్వి సన్నాయి దించాడు గాని, కళ్లలో ఆ నవ్వు లేదు.

"పోయినేడు ఒక ఊరేగింపుల గిట్లనే తెగింది" అంది ఎల్లమ్మ, మాధవితో. "పోరగాండ్లు నవ్విన్రు. గా దినం సంది పెట్టెలనే పెట్టిండు. బ్యాండోళ్లు గూడ పిలుస్తలేరు. అమ్రాబాద్ దిక్కు మా ఆడబిడ్డ బిడ్డ మౌనిక పెండ్లి ఉన్నది. మామ సన్నాయి లేకుంటె కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు ఎట్ల తెస్తరని ఆ పిల్ల రోజు ఫోన్ చేస్తాంది. ఈయన సుట్టం లెక్క వస్త గాని ఊదనంటడు."

గుమ్మం దగ్గర అతను విడిచిన చెప్పులు నేను చూస్తున్నాను. ఎడమది బయటి అంచున సగానికి అరిగిపోయింది. కుడిది కొత్తదిలా ఉంది.

"సైదులుగారూ, ఎడమ కాలికి ఏమైంది?"

రెండేళ్ల కిందట ఆటో బోల్తాపడి పిక్క ఎముక విరిగిందట. దవాఖానలో కట్టు కట్టారు. పెళ్లిళ్ల కాలం దగ్గరపడిందని కట్టు తానే ముందుగా కోసేసుకున్నాడట. ఎముక అతికింది గాని పొట్టిగా అతికింది. కొలిస్తే వేలిమందం తేడా. ఇంట్లో నిమ్మకాయల ఖాళీ గోనెసంచులున్నాయి. ఒకటి మడతలు పెట్టి అతని ఎడమ పాదం కింద వేసి, ఇప్పుడు ఊదమన్నాను.

పాట తెగలేదు. పూర్తిగా కుదరనూ లేదు, చివర్లో వణికింది. కానీ తెగలేదు.

మాధవి పరుగున వెళ్లి కారులోంచి నీలం కాగితం తెచ్చింది. నిలబెట్టి కొరికించింది. గోనెసంచి తీసేసి మళ్లీ కొరికించింది. సంచి లేనప్పుడు మచ్చలన్నీ ఎడమవైపుకు జరిగాయి. సంచి వేస్తే వెనక్కి వచ్చాయి. రెండేళ్లుగా ఈ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టే చూశాను కదా అని ఆమె నుదురు కొట్టుకుంది.

"నడిచేటప్పుడు వచ్చే రోగం, కూసోబెట్టి చూస్తె ఎట్ల దొరుకుతది" అంది. నాకైతే కాలే గెలిచిందని గర్వం. అది ఎంతో కాలం నిలవలేదు.

డిండి

నల్గొండలో పనిచేశాం. నేను సిమెంటు సంచిలో మిగిలిన పొడితో అచ్చు తీసి, ఎడమ చెప్పులోకి మెత్త చేశాను. మాధవి కుడివైపు పోయిన దంతాలకు తీసి పెట్టుకునే పళ్లు చేసింది. పెళ్లికి మమ్మల్నీ రమ్మన్నారు. మాధవి కారులోనే నలుగురం బయల్దేరాం. సైదులు ముందు సీటులో, సన్నాయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊదుతానని ఇంకా అనలేదు.

దేవరకొండ దాటాక నేల ఎర్రబడింది, గుట్టలు దగ్గరికి వచ్చాయి. ఎల్లమ్మ దారిపొడుగునా ఒక్కో ఊరు చూపించి, ఈ ఊళ్లో ఫలానా పెళ్లి, ఈ ఊళ్లో ఫలానా పెళ్లి అని చెబుతూ వచ్చింది. నాకు ఊళ్లుగా కనిపించినవి ఆమెకు భర్త పాటలుగా గుర్తున్నాయి.

డిండి చెరువు దగ్గర చేపల వేపుడు తినడానికి ఆగాం. కట్టుడు పళ్లు పెట్టుకోవడానికి అదే మంచి సమయమని మాధవి సైదులుకు వాటిని పెట్టించింది. తిన్నాక అతను గట్టుమీద నాలుగు అడుగులు వేసి వచ్చి, చెప్పుకోవాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"ఏమైంది సైదులన్నా?" అంది మాధవి.

"పండ్లు మంచిగనే ఉన్నయ్ మేడం. మడిమె నొస్తాంది. నిన్నటిదాంక నొయ్యలేదు. పైన పండు పెడితె కింద మడిమె నొచ్చుడేంది, గిదేం ఇచ్చంత్రం!"

పళ్లు తీసి నడవమన్నాను. నొప్పి లేదు. పెట్టుకుంటే ఉంది. కుడి పళ్లు పోయినప్పటి నుంచి ఎడమ పక్కనే నములుతూ ఒకవైపు బిగుసుకున్న మెడ, కుడివైపు ఆనిక దొరకగానే కాస్త సడలిందేమో, అతని నిలుచునే తీరు మారింది. ఇప్పుడు నా మెత్త ఎత్తు ఎక్కువైంది. గట్టుమీదే కూర్చుని, చాకుతో ఒక పొర చెక్కాను. తర్వాత మాధవి కట్టుడు పళ్లను కాస్త అరగదీసింది. మళ్లీ నేను చెక్కాను. చేపలు వేయించే ఆమె కళాయి వదిలేసి మమ్మల్నే చూస్తోంది.

"ఒకలు పైన, ఒకలు కింద. సుతి కలుపుతున్నరు" అన్నాడు సైదులు. నేను వచ్చాక అతను మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదటిసారి.

చాకు తుడుస్తున్న నన్ను చూసి మాధవి, "ఇగ చెప్పక్కా. కాలు ముందా, నోరు ముందా?" అంది. ఈ మనిషిలో మాత్రం రెండూ ఒకదాన్నొకటి లాగుతున్నాయి, అంతవరకే నిజం.

మన్ననూరు

ఇక్కడి నుంచి నల్లమల. అడవి ఎండిపోయి ఉంది. అయినా రోడ్డు మీదికి వంగిన చెట్ల నీడ పడగానే కారులో అందరం మాటలు తగ్గించాం. దారిపక్కన ఒక చెంచు ముసలమ్మ మొర్రిపండ్లు తట్టలో పెట్టుకుని అమ్ముతోంది. చెప్పుల్లేని పాదాలు వేళ్లు విప్పుకుని నేలను పట్టుకున్నట్టున్నాయి. నా ఇరవై ఏళ్ల పనిలో అంత అందమైన పాదాలు చూడలేదు. నవ్వితే అరిగినా అన్నీ ఒకే ఎత్తులో ఉన్న పళ్లు. మాధవి ఆమె నోటివైపే చూస్తూ, "పండ్లు ఎంత మంచిగున్నయ్!" అంది.

ముసలమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఏ పండ్లమ్మా? తట్టలయా, నోట్లయా?"

ఎల్లమ్మ పడీపడీ నవ్వింది. దోసెడు మొర్రిపండ్లు ఇరవై రూపాయలు. ఆమె పాదం అచ్చు తీసుకుంటానని అడగాలనిపించింది. "అమ్మా, కాళ్లు బాగున్నాయి" అని మాత్రం అన్నాను. "నడిస్తె బాగుంటయ్. మీరు కారెక్కిన్రు" అని ఇంకో నాలుగు పండ్లు ఊరికే వేసింది. పులుపూ తీపీ కలిసిన పలచటి కండ, లోపలంతా గింజే. ఆ గింజే సారపప్పని, దాన్ని పారేయొద్దని కారు కదులుతుంటే అరిచి చెప్పింది.

అమ్రాబాద్ దాపున

మౌనిక వాళ్ల ఊరు అమ్రాబాద్‌కు దగ్గర్లో చిన్న పల్లె. మేం దిగగానే ఆ పిల్ల పసుపు చేతులతో పరుగెత్తుకొచ్చి మామ చేతిలో సన్నాయి చూసింది. లోపలికి తిరిగి, "అమ్మా, మామ తెచ్చిండు!" అని కేక వేసింది. దానితో సైదులుకు కాదనే దారి లేకపోయింది.

ఐరేని కుండలు తేవడం ఇక్కడి పెళ్లిలో ముఖ్యమైన తంతు. మా వైపు అరివేణి కుండలు ఉన్నాయి గాని ఇంత సందడి ఉండదు. రంగులేసిన కుండలను కుమ్మరి ఇంటి నుంచి ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని, డోళ్లతో, సన్నాయితో ఊరంతా నడిచి పెళ్లింటికి తెస్తారు. బ్యాండుకు పెద్ద నర్సింహ, డోలు వాయిస్తాడు. సైదులును పిలవడం మానేసింది అతనే. ఇద్దరూ ఎదురుపడ్డారు.

"వస్తదా?" అన్నాడు నర్సింహ.

"చూస్తం" అన్నాడు సైదులు.

కుమ్మరి వాకిట్లో పూజ అయింది. అందరూ బయల్దేరబోతుండగా సైదులు గుమ్మం పక్కకు వెళ్లి చెప్పులు విడిచాడు. దేవుడి కుండల ముందు చెప్పులతో నడవరు. అది ఎవరైనా చెప్పగలిగే సంగతి. నేను చేసిన మెత్తేమో చెప్పులో ఉండిపోయింది! మాధవి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏమీ చేయలేక గుంపులో కలిశాం.

మొదలు బాగానే పలికింది. వీధి మలుపు వరకు నిలిచింది. మలుపు దాటాక రెండుసార్లు వణికి, మూడోసారి పీక జారింది. పాట తెగింది.

డోలు ఆగలేదు. నర్సింహ దెబ్బ మెల్లగా చేశాడు, చెయ్యెత్తి మిగతా వాయిద్యాలను ఆపాడు. ముందు నడుస్తున్న సైదులు చెల్లెలు, అంటే మౌనిక తల్లి, నెత్తిన కుండతో అలాగే నిలబడిపోయింది. ఆమె వెనక కుండలెత్తుకున్న ఆడవాళ్లందరూ ఆగారు. దారిలో కుండ దించకూడదని వాళ్ల పట్టింపు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

మగపెళ్లివారి తరఫున వచ్చిన ఒకాయన, "నడువుండ్రి, నడువుండ్రి. డోలు సాలదా?" అన్నాడు.

"మా అన్న ఆగిన కాడ మేం గూడ ఆగుతం" అంది సైదులు చెల్లెలు. తల తిప్పితే కుండ కదులుతుందని, తిప్పకుండానే అంది.

సైదులు చెవులు ఎర్రబడ్డాయి. రోడ్డు మధ్యలో నిలబడి అరికాళ్లను నేలమీద ఇటూ అటూ ఆనించి చూసుకున్నాడు. ఆ సిమెంటు రోడ్డు నడుమ ఎత్తుగా ఉండి, రెండు పక్కలా మురుగు మోరీల వైపు వాలింది. అతను మెల్లగా కుడి అంచుకు జరిగాడు. అక్కడ నిలబడితే ఎడమ పాదం ఎత్తుమీద, కుడి పాదం పల్లంలో పడుతుంది. నిటారుగా అయ్యాడు. పీక తడిపి పెదవుల మధ్య పెట్టుకున్నాడు.

ఆ పాట నేను చెప్పలేను. నకిరేకల్‌లో మంచంమీద విన్నదే, కానీ ఇప్పుడు అది నడుస్తోంది. అతను మోరీ అంచు వెంబడే నడిచాడు. కుండలెత్తిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కుడివైపుకు సర్దుకున్నారు. నర్సింహ డోలుతో వెళ్లి అతని ఎడమ పక్కన చేరాడు. అతను ఆగి ఊదితే ఆగి, అడుగు వేస్తే అడుగు వేస్తూ, ఊరేగింపంతా రోడ్డుకు ఒక పక్కగా సాగింది. ఎల్లమ్మ నా పక్కనే నడుస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

భోజనాల దగ్గర సైదులు ఆకు ముందు నర్సింహ కూర్చున్నాడు. కూరగిన్నె వచ్చినప్పుడు నర్సింహ తన వంతు ఎముక ముక్క తీసి సైదులు విస్తరిలో వేశాడు. సైదులు దాన్ని కుడి దవడకు పెట్టి కొరికాడు.

కాకినాడ

ఇంటికి వచ్చి నేను మొదట చేసిన పని తోలు లేని మెత్త. అచ్చంగా నూలుగుడ్డతో, వేళ్లూ మడమా బయటికి కనిపించేటట్టు, పాదానికి కట్టుకునేలా. దేవుడి ముందు అభ్యంతరం ఉంటుందా అని ఫోన్లో సైదులు చెల్లెలినే అడిగాను. గుడ్డకేం పట్టింపు అంది. పంపాను.

మా వీధివాళ్లు నల్గొండలో ఏం చూశావని అడిగితే చెప్పడానికి నాకు కోటలు లేవు, గుళ్లు లేవు. పచ్చిపులుసు చెబుతాను. మొర్రిపండ్ల ముసలమ్మను చెబుతాను. ఆ తర్వాత నోటికీ పాదానికీ ఉన్న సంబంధం చెబితే వాళ్లకు నమ్మకం కలగదు. మాధవి మాట గుర్తుపెట్టుకుని, అందరికీ ఇలాగే అని నేనూ అనడం లేదు. ఒక మనిషి సంగతి మాత్రం నాకు తెలుసు.

వానలు పడ్డాక సైదులు ఫోన్ చేశాడు. వెనక డోలు వినిపిస్తోంది.

"అక్కా, గుడ్డ మెత్త మంచిగున్నది. సగం ఊరు నడుస్తున్న. కాలు అలిసినంక బ్యాండు బండి మీద కూసుంటున్న. నర్సింహే ఎక్కిస్తడు."

"పాటో?" అన్నాను.

"బండి ఎక్కేటప్పుడు గూడ తెంపుతలేను."